మోటార్‌హోమ్‌కి సోలార్ ఎంత కావాలి? ప్యానెల్ కొనే ముందు ఫ్రిజ్‌ని కొలవండి

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకి కూడా విషయం తెలియాలి కాబట్టి మీరు చెప్పిన వివరాలు క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ కొన్నారు. హైదరాబాద్ ఆటోనగర్‌లో బాడీ పని నడుస్తోంది. మీరు, మీ భార్య, ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు, మొత్తం ఐదుగురు. వారాంతాల్లో, సెలవుల్లో సాగర్, లక్నవరం, శ్రీశైలం, వీలైతే సూర్యలంక దాకా వెళ్లాలని ప్లాన్. వంట గ్యాస్ మీదే. అమ్మగారికి ఇన్సులిన్ ఉంది కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి. వెంట్ ఫ్యాన్ పోగా టాప్ మీద 3.6 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఖాళీ ఉంది. సోలార్ షాపు ఆయన రెండు 540 వాట్ల ప్యానెళ్లు, రెండు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు (ఇంటి ఇన్వర్టర్లకి వాడే యాసిడ్ బ్యాటరీలు), 2 కేవీఏ ఇంటి ఇన్వర్టర్ పెడితే 1 టన్ను ఏసీ రాత్రంతా నడుస్తుందని చెప్పారు. అది నిజమేనా అని మీ ప్రశ్న.

నిజం కాదండీ. డబ్బు కట్టకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు.

నేను ఉండేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర. ఇళ్లకి ఇన్వర్టర్లు, సోలార్ బిగించే పనిలో 15 ఏళ్లుగా ఉన్నాను. ఆరేళ్లుగా నాకూ సొంతంగా మార్పించుకున్న వ్యాన్ ఉంది. ఇంటి సోలార్ బాగా తెలుసన్న ధైర్యంతో మొదటిసారి నా వ్యాన్‌కి నేనే లెక్క వేసుకున్నాను, ఆ లెక్క తప్పింది. ఇంట్లో లెక్క కాస్త అటూ ఇటూ అయినా కరెంట్ వాళ్ల లైను ఉంటుంది. వ్యాన్‌లో ఆ ఆసరా లేదు. అర్ధరాత్రి అడవి పక్కన బ్యాటరీ అయిపోతే చేయగలిగింది ఏమీ ఉండదు.

షాపు ఆయన లెక్కనే ముందు చూద్దాం. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే 1800 వాట్-అవర్లు. రెండు కలిపితే 3600. ట్యూబులర్ బ్యాటరీని రోజూ సగం కన్నా కిందికి దించితే త్వరగా పాడవుతుంది, కాబట్టి చేతికి వచ్చేది 1800 వాట్-అవర్లు, అంటే మన ఇంటి మీటరు లెక్కలో 1.8 యూనిట్లు. 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ వ్యాన్ లాంటి రేకు డబ్బాలో సగటున 700 వాట్లు లాగుతుందనుకోండి. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 780 దాకా పోతుంది. 1800ని 780తో భాగిస్తే రెండు గంటల 20 నిమిషాలు. రాత్రి 10కి ఏసీ వేస్తే 12 దాటిన కాసేపటికే ఆగిపోతుంది. పైగా అంత కరెంట్ ఒక్కసారిగా లాగితే ట్యూబులర్ బ్యాటరీ రాసి ఉన్నంత కూడా ఇవ్వదు. 8 గంటలు నడవాలంటే 6 యూనిట్లకు పైగా కావాలి. ఆ 6 యూనిట్లు మర్నాడు టాప్ మీది ప్యానెళ్ల నుంచి తిరిగి రావాలి. మే నెల ఎండలో కూడా మీ టాప్ అంత ఇవ్వలేదు, ఎందుకో కింద చెబుతాను.

ఇంకో మాట. 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు ఉంటుంది. రెండిటినీ బండి పొడవునా ఒకదాని వెనక ఒకటి పెడితే 4.56 మీటర్లు కావాలి. మీకున్నది 3.6. పక్కపక్కన పెడితే వెడల్పు 2.26 మీటర్లు, మీకున్నది 1.6. అడ్డంగా పెట్టినా అదే కథ, 2.28 మీటర్ల ప్యానెల్ బండి దాటి బయటికి వస్తుంది. అంటే ఆయన టేపు కూడా పెట్టకుండానే కొటేషన్ ఇచ్చారు.

ఇప్పుడు అసలు పద్ధతి. చాలామంది ప్యానెల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు. రోజుకి మీరు వాడేది ఎంత అన్నదే మొదటి ప్రశ్న. ప్రతి వస్తువుకీ వాట్లని గంటలతో గుణించండి, అన్నీ కూడండి. అంతే. కష్టమంతా ఆ గంటలు నిజాయితీగా రాసుకోవడంలో ఉంది.

చిన్నవి త్వరగా చూసేద్దాం. ఆరు ఎల్ఈడీ లైట్లు, ఒక్కోటి 4 వాట్లు, 4 గంటలు: దాదాపు 100 వాట్-అవర్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది 19 వాట్-అవర్లే. నాలుగు ఫోన్లు రోజుకోసారి నింపినా నష్టాలతో కలిపి 100. మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఇంకో 100. నీళ్ల పంపు 60 వాట్లు, రోజంతా కలిపి 20 నిమిషాలు నడిస్తే 20. చట్నీకి మిక్సీ 500 వాట్లు అయినా ఆరు నిమిషాలే కదా, 50. మిక్సీ వాట్లు చూసి భయపడేవాళ్లు, ఫ్రిజ్ వాట్లు చూసి తేలిగ్గా తీసుకునేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. నిజానికి వ్యవహారం తిరగబడి ఉంటుంది. ఎన్ని వాట్లన్నది ఇన్వర్టర్ సైజుని, వైరు మందాన్ని తేలుస్తుంది. ఎన్ని గంటలన్నది బ్యాటరీని, ప్యానెల్‌ని తేలుస్తుంది.

ఫ్యాన్లు: 12 వోల్టుల డీసీ ఫ్యాన్ ఒక్కోటి 15 వాట్లు. ఐదుగురికి మూడు ఫ్యాన్లు, 10 గంటలు: 450. ఎండాకాలంలో ఇది తగ్గదు.

ఇక ఫ్రిజ్. కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల 50, 60 లీటర్ల ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 50 వాట్ల దాకా తీసుకుంటుంది. అది రోజంతా నడవదు, ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఎంతసేపు నడుస్తుందన్నది బయటి వేడి మీద ఆధారపడి ఉంటుంది. కంపెనీ పుస్తకంలో రాసే అంకె 25 డిగ్రీల గదికి చెప్పింది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో బయట 41, 42 ఉంటే, తలుపులు మూసి ఎండలో పెట్టిన వ్యాన్ లోపల ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు గంటలో 30 నిమిషాలు కాదు, 35 నిమిషాలు కూడా నడవవచ్చు. 55 శాతం వేసుకుంటే 50 ఇంటూ 24 ఇంటూ 0.55, అంటే 660 వాట్-అవర్లు. వానాకాలంలో 40 శాతానికి దిగితే 480. పిల్లలు నీళ్ల సీసా కోసం గంటకోసారి మూత తెరిస్తే మళ్లీ పెరుగుతుంది. మా ఇంట్లో నీళ్లకి వేరే ఐస్ బాక్స్ పెట్టాక ఫ్రిజ్ వాడకం కళ్లముందే తగ్గింది. మీరూ అలా చేయండి. అమ్మగారి మందు ఉన్న ఫ్రిజ్‌ని ఎంత తక్కువసార్లు తెరిస్తే అంత మంచిది.

ఎవరూ లెక్కలో వేయనిది ఇన్వర్టర్ తన కోసం తాను తినేది. ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో ఉంటే చాలు, 10 నుంచి 20 వాట్లు తీసుకుంటుంది. 15 అనుకుంటే 24 గంటలకి 360 వాట్-అవర్లు. మూడు ఫ్యాన్లు ఎనిమిది గంటలు తిరిగే కరెంట్ ఉత్తినే వేడిగా పోతుంది. నా మొదటి వ్యాన్‌లో లెక్క తప్పింది సరిగ్గా ఇక్కడే. ఇంటి ఫ్యాన్లు, ఇంటి లైట్లు, ఇంటి ఫ్రిజ్ పెట్టి అన్నీ ఇన్వర్టర్ మీద నడిపాను. ఇప్పుడు నా బండిలో ఇన్వర్టర్ రోజుకి రెండు గంటలకి మించి ఆన్‌లో ఉండదు. మిక్సీకి, ల్యాప్‌టాప్‌కి మాత్రమే. మిగతావన్నీ నేరుగా 12 వోల్టుల మీద. మీరూ ఇలాగే పెట్టుకుంటే ఇన్వర్టర్ సొంత ఖర్చు 30తో సరిపోతుంది.

మొత్తం కూడితే 1510. కొలతల్లో తప్పులు, వైర్లలో పోయేది, ఎండ దంచిన రోజు ఇంకో రెండు గంటలు తిరిగే ఫ్యాన్, ఇవన్నీ కలిపి 20 శాతం పైన వేసుకోండి. రోజుకి 1800 వాట్-అవర్లు, 1.8 యూనిట్లు. ఏసీ లేకుండా మీ ఐదుగురి అవసరం ఇది.

ఇప్పుడు ఎండ వైపు చూద్దాం. హైదరాబాద్‌లో పొద్దున నుంచి సాయంత్రం దాకా పడే ఎండంతా కూడబెట్టి నిండు ఎండ గంటలుగా మారిస్తే ఏడాది సగటున రోజుకి 5 నుంచి 5.5 గంటలు వస్తుంది. ఏప్రిల్, మేలో 6 దాటుతుంది. జులై, ఆగస్టులో 4, 4.5 మధ్య ఉంటుంది. ఇవి నెల సగటులు. ముసురు పట్టిన రోజు 2 గంటలు వస్తే గొప్ప.

200 వాట్ల ప్యానెల్ మీద రాసిన 200, ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఇచ్చేది. మే నెలలో టాప్ మీద ఆ సెల్ 65 డిగ్రీలకి చేరుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున తగ్గుతుంది కాబట్టి 40 డిగ్రీలకి 14 శాతం అక్కడే పోయింది. దానికి దుమ్ము, పక్షి రెట్టలు, కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ని చూసుకునే పెట్టె), వైర్లు, పొద్దున సాయంత్రం వాలు ఎండ కలిపితే, బండి మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి నేను 0.65, అంటే రాసిన వాట్లలో 65 శాతమే వేసుకుంటాను. ఇళ్ల మీద 0.75 వేసే నేనే బండికి 0.65 దాటను.

ప్యానెల్ వంచి పెట్టాలా అని అడిగారు. మన దగ్గర అవసరం లేదండీ. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడే ఉండదు. ఆ రోజుల్లో పడుకోబెట్టిన ప్యానెలే అన్నిటికన్నా మేలు. డిసెంబర్‌లో మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి కొంత తగ్గుతుంది. కానీ అప్పుడు ఫ్యాన్లు ఉండవు, ఫ్రిజ్ కూడా తక్కువ నడుస్తుంది. రెండూ కలిసి సరిపోతాయి. మన దారుల మీద వంచే స్టాండ్లు, కీలు నట్లు అన్నీ వదులైపోతాయి. గట్టిగా, పడుకోబెట్టి బిగించండి.

మీ టాప్‌కి నేను చెప్పేది 200 వాట్ల ప్యానెళ్లు నాలుగు. ఒక్కోటి సుమారు 1.48 మీటర్ల పొడవు, 0.67 వెడల్పు. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, కొనే ముందు కొలత అడగండి. అడ్డంగా పెడితే 1.6 మీటర్ల వెడల్పులో పడుతుంది. నాలుగిటికి పొడవు 2.7 మీటర్లు. ఇంకా 90 సెంటీమీటర్లు మిగులుతుంది. ఐదోది కూడా పడుతుంది, కానీ వద్దు. పైకెక్కి తుడవడానికి, వెంట్ దగ్గరికి వెళ్లడానికి కాలు పెట్టే చోటు ఉండాలి.

800 వాట్లు ఇంటూ 6 ఇంటూ 0.65: మేలో రోజుకి 3100 వాట్-అవర్లు. వానాకాలం సగటు 4.2తో 2180. ముసురు రోజు 1040. మీ అవసరం 1800. అంటే వానాకాలం సగటు రోజు కూడా గట్టెక్కుతుంది, ముసురు రోజు మాత్రం 760 తక్కువ పడుతుంది. ఒక్క 540 ప్యానెల్‌తో సరిపెడితే ఆగస్టులో సగటు రోజు 1470 దగ్గరే ఆగిపోతారు. మే నెల ఎండ చూసి సోలార్ సైజు వేసుకుంటే ఆగస్టులో ఇబ్బంది పడతారు. లక్నవరం అందంగా ఉండేది వానల తర్వాతే కదా, మీరు వెళ్లేదీ అప్పుడే. మీరు ఎక్కువ తిరిగే నెలల్లో బలహీనమైన నెల ఏదో చూసి దానికి వేసుకోండి.

పైన ఏసీ సంగతి చెబుతానన్నాను. మే నెలలో 3100 వస్తే, మిగతా వాడకం 1800 పోగా 1300 మిగిలింది. రాత్రి ఏసీకి కావలసింది 6200. ఐదో వంతు. సాయంత్రం గంటన్నర లోపల చల్లబరచడానికి పనికొస్తుంది, రాత్రంతా కాదు. ఏసీ పెట్టుకోవాలనే ఉంటే బయటి నుంచి 15 ఆంప్స్ ప్లగ్ తీసుకునే ఏర్పాటు చేసుకోండి. గెస్ట్‌హౌస్ ఆవరణలో ఆపిన రాత్రి వాడుకోవచ్చు. ఏసీ మీద పెట్టే డబ్బులో కొంత గోడలకి, టాప్‌కి మంచి ఇన్సులేషన్ మీద పెట్టండి. ప్లైవుడ్ కొట్టేశాక మళ్లీ విప్పలేరు, బాడీ పని నడుస్తుండగానే ఆ మాట చెప్పండి. టాప్‌కి తెల్ల రంగు వేయించండి. ప్యానెల్‌కి, రేకుకి మధ్య రెండు అంగుళాల గాలి ఖాళీ ఉంచితే ప్యానెల్ చల్లబడుతుంది, ప్యానెల్ నీడ వల్ల రేకూ చల్లబడుతుంది.

బ్యాటరీకి వస్తే, 12.8 వోల్టుల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, 200 ఏహెచ్. అది 2560 వాట్-అవర్లు, 85 శాతం వాడుకుంటే దాదాపు 2180. ముసురు రోజు 760 చొప్పున తగ్గినా రెండున్నర రోజులకు పైగా లాగుతుంది. ట్యూబులర్‌లో ఇదే వాడకం కావాలంటే 150 ఏహెచ్‌వి రెండు పెట్టినా చాలవు. ఒక్కోటి 50 కిలోల పైన బరువు. బండి కుదుపుకి యాసిడ్ చిందుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, పిల్లలు పడుకునే చోట అది ఉండకూడదు. ఇంటికి ట్యూబులర్ ఇప్పటికీ నేనే పెడతాను. మనుషులు పడుకునే బండికి మాత్రం పెట్టను.

ఎల్ఎఫ్‌పీకి రెండు జాగ్రత్తలు. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. లంబసింగి లాంటి చోటికి డిసెంబర్‌లో వెళ్లే ఆలోచన ఉంటే, చలికి ఛార్జింగ్ తనంతట తాను ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉన్నదే తీసుకోండి. మనకి అసలు శత్రువు వేడి. ఇంజన్ పక్కన, టాప్ కింద మూసిన పెట్టెలో పెట్టొద్దు. సీటు కింద, నేల మీద, గాలి ఆడే చోట పెట్టండి.

కంట్రోలర్ దగ్గర మోసపోకండి. తక్కువ ధరకి దొరికే పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్ ఆంప్స్‌ని అలాగే బ్యాటరీకి పంపుతుంది, ఎక్కువగా ఉన్న వోల్టేజీని వాడుకోలేదు. 540 వాట్ల ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంప్స్ ఇస్తుంది. పీడబ్ల్యూఎం పెట్టి 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే 13 ఆంప్స్ ఇంటూ ఛార్జింగ్ వోల్టేజీ 13, అంటే 170 వాట్లు. 370 వాట్లు గాలికి పోయినట్టే. ఇలా బిగించిన బండ్లు నేను మూడు చూశాను. ముగ్గురూ ప్యానెల్ బాగాలేదనే అనుకున్నారు. మీరు ఎంపీపీటీ కంట్రోలర్ తీసుకోండి, అది ఎక్కువగా ఉన్న వోల్టేజీని ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకి పంపుతుంది. 800 వాట్లని 13.3 వోల్టులతో భాగిస్తే 60 ఆంప్స్, కాబట్టి 60 ఆంప్స్‌ది.

నాలుగు ప్యానెళ్లలో రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతల్ని పారలల్ చేయండి. ఒక్కో ప్యానెల్ ఖాళీ వోల్టేజీ (ఏమీ తగిలించనప్పుడు ఉండేది) 24 దాకా ఉంటే జతకి 48, 100 వోల్టుల కంట్రోలర్‌కి ఏ భయమూ లేదు. ఇదే 540 ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెడితే 99 వోల్టులు. చలికి వోల్టేజీ పెరుగుతుంది. చల్లటి ఉదయం తొలి ఎండ పడగానే 100 దాటి కంట్రోలర్ కాలిపోవచ్చు. నీడ విషయంలో కూడా జతలు మేలు. సెల్స్ అన్నీ గొలుసులా కలిసి ఉంటాయి కాబట్టి చిన్న కొమ్మ నీడ పడినా ఆ ప్యానెల్ చాలా వరకు చతికిలబడుతుంది. రెండో జత మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

నీడ అంటే ఒక చిక్కు ఉంది. ఎండాకాలంలో అందరికీ చెట్టు కింద ఆపాలని ఉంటుంది, ప్యానెల్‌కి ఎండ కావాలి. నేను బండిని నీడలోనే ఆపి, మడత పెట్టే 200 వాట్ల ప్యానెల్‌ని 10 మీటర్ల వైరుతో ఎండలో పరుస్తాను. మొదటి సంవత్సరం వద్దులెండి. ఆ వైరు కోసం ఒక సాకెట్ మాత్రం బండి పక్కన ఇప్పుడే పెట్టించండి.

బండి నడుస్తున్నప్పుడు ఇంజన్ నుంచి ఛార్జ్ చేసుకోవడం చాలామంది మర్చిపోతారు. ఇంజన్ కరెంట్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే 30 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ గంటకి 400 వాట్-అవర్లు ఇస్తుంది. సాగర్ 150 కిలోమీటర్లు, మూడు గంటలు వేసుకుంటే 1200. శ్రీశైలం వెళ్లేసరికి బ్యాటరీ దాదాపు నిండిపోతుంది. దారిలో అడవి మొదలయ్యే మన్ననూర్ గేటు రాత్రి 9కి మూసేస్తారు కాబట్టి ఎలాగూ పగలే వెళతారు, పైనుంచి ఎండ కూడా వస్తుంది. వానాకాలంలో నన్ను ఎక్కువసార్లు ఆదుకున్నది ఇదే. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంట్ ఇచ్చేది) నుంచి వైరు లాగి నేరుగా లిథియంకి కలిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది.

వైర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాల సంగతి ఉంది. నా మొదటి సాగర్ ట్రిప్‌లో రాత్రి రెండింటికి ఫ్రిజ్ ఆగిపోయింది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు ఉంది. ఫ్రిజ్ ప్లగ్ దగ్గర పెడితే 11.3. మధ్యలో 0.7 వోల్టులు వైరు తినేసింది. ఇంట్లో లైట్లకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు 6 మీటర్లు లాగాను, రానూ పోనూ 12 మీటర్లు. ఫ్రిజ్ తీసుకునే 5 ఆంప్స్‌కే అంత పడిపోయింది. వోల్టేజీ తక్కువైందని ఫ్రిజ్ తనంతట తాను ఆగింది. మా చిన్నదాని పాలు, వారం పెరుగు పోయాయి. తిరిగొచ్చాక 6 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.18కి దిగింది. 230 వోల్టుల దగ్గర ఎవరూ పట్టించుకోని 0.7, 12 వోల్టుల దగ్గర ఫ్రిజ్‌ని ఆపేస్తుంది.

ఇన్వర్టర్ వైరు ఇంకా ముఖ్యం. 2 కేవీఏ ఇంటి ఇన్వర్టర్ మీకు అక్కర్లేదు. అది 24 వోల్టులది, మీ బండీ, ఫ్రిజ్, ఫ్యాన్లు 12 వోల్టులవి. 1500 వాట్ల ప్యూర్ సైన్ (ఇంటి కరెంట్ లాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టర్, 12 వోల్టులది, మిక్సీకి చాలు. నిండు లోడ్‌లో అది 140 ఆంప్స్ లాగుతుంది. వెల్డింగ్ మెషిన్‌లో పారే కరెంట్ లాంటిదే అది. బ్యాటరీకి అడుగున్నర దూరంలోనే బిగించి, 50 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయండి. కేబుల్ చివర వేసే లగ్గులు హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు దగ్గర కేబుల్ తోలు కాలిన వాసన వస్తున్న బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఆ పక్కనే పిల్లల పరుపు ఉంది. అప్పటి నుంచి ఈ పని ఎవరికీ వదలను, నేనే చేస్తాను.

ప్రతి ప్లస్ వైరుకీ బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి, ఇన్వర్టర్‌కి 200 ఆంప్స్‌ది. ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీ (కరెంట్ ఎక్కువైతే తనంతట తాను ఆగే స్విచ్) పెట్టండి. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అడిగితే చాలా షాపుల్లో ముందు ఇంటి కరెంట్‌కి వాడే ఏసీ ఎంసీబీనే చేతికిస్తారు, అది పనికిరాదు. ఇంటి కరెంట్ సెకనుకి 100 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు వచ్చే మెరుపు ఆరిపోతుంది. డీసీలో అలా ఆరదు, మండుతూనే ఉంటుంది. మీద డీసీ అని, ఎన్ని వోల్టులో రాసి ఉందో చూసి తీసుకోండి. లగ్గులు, కేబుల్ ట్రూప్ బజార్‌లో, నట్లు, బోల్టులు, అల్యూమినియం యాంగిళ్లు రాణిగంజ్‌లో మంచివి దొరుకుతాయి. ప్యానెళ్లని గమ్ టేపు మీద నమ్మి వదలొద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు గాలి కింద నుంచి ఎత్తుతుంది. టాప్ చట్రానికి బోల్టు వేసి, లాక్ నట్ పెట్టి, పాలీయురేథేన్ సీలెంట్ నింపండి.

సబ్సిడీ అడిగారు. పీఎం సూర్యఘర్ పథకం కరెంట్ కనెక్షన్ ఉన్న ఇళ్ల పైకప్పులకి, బండ్లకి రాదు. బండిలో చేసే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి కాబట్టి, బాడీ పని పూర్తికాకముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. ప్యానెల్, బ్యాటరీ ఏదీ కొనకుండా ముందు ఆ 12 వోల్టుల ఫ్రిజ్ ఒక్కటే కొనండి. బండిని ఇంటి ముందు ఎండలో పెట్టి, ఏదైనా 12 వోల్టుల బ్యాటరీకి వాట్-అవర్లు చూపే చిన్న డీసీ మీటరు ద్వారా కలిపి, ఒక పగలు, ఒక రాత్రి నడపండి. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. నేను 660 అన్నాను. మీకు 500 రావచ్చు, 800 రావచ్చు. 800 వస్తే ముసురు రోజుల కోసం బ్యాటరీ 300 ఏహెచ్‌కి వెళ్లడం మంచిది.

అమ్మగారి ఇన్సులిన్ కోసం ఒక్క ఏర్పాటు మాత్రం మర్చిపోకండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. అందుకే ఫ్రిజ్‌ని 4 దగ్గర పెట్టి, చల్లటి గోడకి ఆనకుండా చిన్న డబ్బాలో ఉంచండి, పక్కన ఒక థర్మామీటరు పెట్టండి. ఫ్రిజ్‌కి బ్యాటరీ నుంచి విడిగా సొంత ఫ్యూజ్, సొంత 6 స్క్వేర్ ఎంఎం వైరు వేయండి. ఇన్వర్టర్, ఫ్యాన్లు ఉన్న లైనుకి తక్కువ వోల్టేజీలో ఆగిపోయే కటాఫ్ పెట్టి, అది 12.8 దగ్గర తెగేలా సెట్ చేయండి. ఫ్రిజ్ లైనుకి ఆ కటాఫ్ 12 దగ్గర ఉండాలి. అప్పుడు బ్యాటరీ తగ్గుతూ వస్తే ముందు ఫ్యాన్లు ఆగుతాయి, ఎవరో ఒకరు నిద్రలేస్తారు, ఫ్రిజ్ మాత్రం ఇంకా కొన్ని గంటలు నడుస్తూనే ఉంటుంది.

ఫ్రిజ్ కొలత వచ్చాక ఇక్కడే రాయండి. బ్యాటరీ ఎక్కడ పెడుతున్నారో, అక్కడి నుంచి ఫ్రిజ్‌కి, ఫ్యాన్లకి ఎన్ని మీటర్లో కూడా చెప్పండి. ఒక్కో లైనుకి వైరు సైజు, ఫ్యూజ్ సైజు నేను లెక్క వేసి ఇస్తాను.